చెక్ కంప్లీట్ అన్నారు, మా గోల్ పోయింది

2023 సెప్టెంబర్ 30, శనివారం రాత్రి పది. లండన్‌లో టాటెన్‌హమ్‌తో మా లివర్‌పూల్ ఫుట్‌బాల్ మ్యాచ్. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నేను, పక్కన పులిహోర డబ్బా ముందేసుకుని మా రూమ్‌మేట్. వాడు మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని. మా మ్యాచ్‌లు వాడు చూసేది ఆట కోసం కాదు, మేం ఓడిపోతే నా మొహం ఎలా ఉంటుందో చూడ్డానికి. 26వ నిమిషంలో కర్టిస్ జోన్స్‌కి రెడ్ కార్డ్ పడింది, పదిమందిమి మిగిలాం (అవును, "మిగిలాం" అనే రాస్తాను, అభిమాని భాష అంతే). 34వ నిమిషంలో సలా పాస్ ఇచ్చాడు, లూయిస్ డియాస్ దూసుకెళ్ళి గోల్ కొట్టాడు. లేచి అరిచాను. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తాడు (పాస్ ఇచ్చే క్షణానికి మనవాడు డిఫెండర్ కంటే గోల్‌కి దగ్గరగా ఉంటే ఆ గోల్ చెల్లదు). కూర్చున్నాను. సరే, వీడియో చూసి రిఫరీ తప్పుల్ని పట్టే వీఏఆర్ ఉందిగా, గీతలు గీసి చూస్తారు అనుకుంటున్నాను, ఇంతలో ఆట మళ్ళీ మొదలైపోయింది. గీతల్లేవు, ఏమీ లేవు. "ఆఫ్‌సైడే అయ్యుంటుందిలేరా" అని వాడు జాలిగా అన్నాడు, ఆ జాలితో ఇంకా ఒళ్ళు మండింది. తర్వాత రీప్లేలో చూస్తే డిఫెండర్ కాలు డియాస్ కంటే గోల్‌కి దగ్గరగా ఉంది, కళ్ళజోడు తీసేసి చూసినా తెలిసిపోయేంత తేడాతో.

ఆ మ్యాచ్ 2-1తో పోయింది. మధ్యలో జోటా కూడా రెడ్ కార్డ్‌తో వెళ్ళిపోయాడు, తొమ్మిదిమందితో ఈదుకుంటూ 96వ నిమిషం దాకా లాక్కొస్తే చివరికి మా మటిప్పే బంతిని మా గోల్‌లోకి తన్నాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. రిఫరీలంతా మా మీద పగబట్టారని మూడు వాట్సాప్ గ్రూపుల్లో రాశాను.

ఇప్పుడు కాస్త చల్లబడ్డాక అదే ప్రశ్నని విప్పి చూద్దామని కూర్చున్నాను. రిఫరీ నిజంగా ఒక టీమ్‌కి వ్యతిరేకంగా ఉంటాడా? తప్పు, పక్షపాతం, లంచం, చేతకానితనం అనే నాలుగు వేరు వేరు విషయాల్ని మనం ఒకే తిట్టులో కలిపేసి తిడుతుంటాం. ఆ ముడి విప్పితే గానీ ఏది నిజమో తేలదు.

ముందు ఆ రాత్రి వీఏఆర్ గదిలో ఏం జరిగిందో చూద్దాం, ఎందుకంటే ఇది అరుదైన కేసు, లోపలి ఆడియో బయటికి వచ్చింది. ప్రీమియర్ లీగ్ రిఫరీలని నడిపించే సంస్థ పీజీఎంఓఎల్, మ్యాచ్ అయిన మూడు రోజులకి ఆ రికార్డింగ్ విడుదల చేసింది. వీఏఆర్ గదిలో ఉన్నది డారెన్ ఇంగ్లండ్ (ఇంగ్లండ్ ఆయన ఇంటిపేరు), ఆయనకి సహాయకుడు డాన్ కుక్. వాళ్ళు బొమ్మ ఆపి, గీతలు సరిచూసుకుని, డియాస్ ఆన్‌సైడ్ అని సరిగ్గానే తేల్చారు. అంతవరకూ పని పక్కాగా జరిగింది. ఆ తర్వాత డారెన్ ఇంగ్లండ్, గ్రౌండ్‌లో ఉన్న రిఫరీ సైమన్ హూపర్‌కి "చెక్ కంప్లీట్" అని చెప్పాడు. ఆ మాటకి అర్థం, నువ్వు ఇచ్చిన నిర్ణయం కరెక్టే, కానివ్వు అని. ఇంగ్లండ్ ఉద్దేశం గ్రౌండ్‌లో గోల్ ఇచ్చారని. కానీ గ్రౌండ్‌లో ఇచ్చింది ఆఫ్‌సైడ్. అంటే సరైన జవాబు కనుక్కుని, ప్రశ్న ఏంటో మర్చిపోయాడు. పరీక్షలో లెక్కంతా కరెక్టుగా చేసి చివర్లో పక్క ప్రశ్న నంబర్ వేసినట్టు.

హూపర్ ఆట మొదలెట్టేశాడు. కొన్ని సెకన్లకే గదిలో రీప్లే ఆపరేటర్‌కి అనుమానం వచ్చింది, గ్రౌండ్‌లో ఇచ్చింది ఆఫ్‌సైడ్ కదా, ఇది మీకు ఓకేనా అని అడిగాడు. అక్కడినుంచి ఆడియో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆట ఆపమని చెప్పండి అని ఒక గొంతు పదే పదే అంటోంది. ఇంగ్లండ్ మాత్రం ఆట మొదలైపోయింది, ఇప్పుడు ఏమీ చేయలేను అంటాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అదే మాట. గోల్ అని గదిలో అందరికీ తెలుసు. గ్రౌండ్‌లో ఎవరికీ తెలియదు. నేను కూకట్‌పల్లిలో పిల్లో మీద గుద్దుతున్న ఆ క్షణంలో అక్కడ నలుగురైదుగురు మనుషులు తప్పు జరిగిందని తెలిసి కూడా దాన్ని అలా పోనిచ్చారు.

"మరి ఆపొచ్చుగా?" అని మా వాడు కూడా అడిగాడు, యునైటెడ్ వాడై ఉండి. రూల్ ఒప్పుకోదు. వీఏఆర్ నిబంధనల్లో ఒక గట్టి గీత ఉంది, ఆట ఒకసారి మళ్ళీ మొదలైతే వెనక్కి వెళ్ళడం కుదరదు. ఒకరికి ఇవ్వాల్సిన కార్డ్ ఇంకొకరికి ఇవ్వడం, కొట్టడం, ఉమ్మడం లాంటి కొద్ది విషయాలకే మినహాయింపు. గోల్‌కి లేదు. ఈ రూల్ పెట్టినవాళ్ళు మూర్ఖులేం కాదు, వెనక్కి వెళ్ళడం మొదలెడితే ఎక్కడ ఆగాలో తెలియదని పెట్టారు, ఒక నిమిషం ఆటని చెరిపేయొచ్చా, ఐదు నిమిషాలనా, మధ్యలో ఇంకో గోల్ పడితే దాన్నేం చేస్తారు? ఆ వాదన నాకు అర్థమవుతుంది. అయినా ఆట మొదలై కొన్ని సెకన్లే అయింది, రిఫరీ ఒక్క విజిల్ వేసి ఆపితే ప్రపంచంలో ఏ అభిమానీ, టాటెన్‌హమ్ అభిమాని కూడా, ఇది అన్యాయం అనేవాడు కాదు. రూల్ పుస్తకాన్ని కాపాడటానికి ఆటని వదిలేశారు. అప్పటి మా కోచ్ క్లాప్ అయితే మ్యాచ్ మళ్ళీ ఆడించాలన్నాడు. అది జరిగే పని కాదు, తప్పుడు నిర్ణయం వల్ల మ్యాచ్ చెల్లకుండా పోదని కూడా అదే పుస్తకంలో రాసుంది.

కాబట్టి ఆ రాత్రి నాకు జరిగింది పగ కాదు, అజాగ్రత్త. కానీ అజాగ్రత్త అని ఎవరైనా ఓదారిస్తే కోపం తగ్గుతుందా? తగ్గదు, పెరుగుతుంది. శత్రువు చేతిలో ఓడితే కనీసం మర్యాదగా ఉంటుంది.

ఇక పగ సంగతి. వీఏఆర్ గదిలోని ఆ ఇద్దరు అధికారులూ మ్యాచ్‌కి రెండు రోజుల ముందు యూఏఈ వెళ్ళి అక్కడి లీగ్‌లో మ్యాచ్ చేసి తిరిగొచ్చారు. పీజీఎంఓఎల్ అనుమతితోనే. మాతో పోటీపడే మాంచెస్టర్ సిటీ యజమానులది యూఏఈలోని అబుదాబీ. ఇంకేం కావాలి, మా గ్రూపులో రాత్రికి రాత్రే ఇన్వెస్టిగేషన్ పూర్తయింది, బాణం గుర్తులతో బొమ్మలు కూడా వచ్చాయి. నిజం అంత ఘాటుగా లేదు: దూర ప్రయాణం చేసి అలసిపోయిన మనుషుల్ని ఇలాంటి పనిలో కూర్చోబెట్టడం తెలివితక్కువ పని, అంతే. డబ్బులిచ్చే పక్క ఉద్యోగానికి వెళ్ళొచ్చి సోమవారం ఆఫీసులో కునుకు తీసేవాణ్ణి మనం కుట్రదారు అనం కదా.

అయితే కుట్రలు అసలు ఉండవని కూడా అనలేం, చరిత్ర ఒప్పుకోదు. జర్మనీలో రాబర్ట్ హోయ్జర్ అనే రిఫరీ బెట్టింగ్ ముఠా డబ్బు తీసుకుని మ్యాచ్‌లు తిప్పాడు. 2004 ఆగస్టులో జర్మన్ కప్‌లో హాంబర్గ్ 2-0తో ముందుంది, ప్రత్యర్థి పాడర్‌బోర్న్ చిన్న క్లబ్, ఆయన రెండు పెనాల్టీలు, ఒక రెడ్ కార్డ్ ఇచ్చి దాన్ని 4-2తో గెలిపించాడు. 2005లో ఒప్పుకున్నాడు, జైలుకెళ్ళాడు. ఇటలీలో 2006లో బయటపడ్డ వ్యవహారంలో తమ మ్యాచ్‌లకి ఏ రిఫరీ రావాలో క్లబ్ పెద్దలు ఫోన్లలో మాట్లాడుకోవడం రికార్డయింది, యువెంటస్ రెండు టైటిళ్ళు పోగొట్టుకుని రెండో డివిజన్‌కి దిగిపోయింది. ఈ రెండిట్లో నాకు ఆసక్తిగా అనిపించేది ఒకటుంది. హోయ్జర్ మీద అనుమానం బయటపెట్టింది తోటి రిఫరీలు. ఇటలీలో పట్టించింది ఫోన్ ట్యాపింగ్. స్లో మోషన్ వీడియోలో ఎర్ర సున్నా చుట్టిన అభిమాని కాదు. నిజమైన మోసం చేసేవాడు ఎవరూ పట్టించుకోని చోట చేస్తాడు, ప్రపంచమంతా చూసే మ్యాచ్‌లో గజం దూరం ఆన్‌సైడ్ ఉన్న గోల్‌ని కొట్టేయడు.

ఇంత రాశాక నా వాదనకి నేనే అడ్డం చెప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. 2024 నవంబర్‌లో డేవిడ్ కూట్ అనే ప్రీమియర్ లీగ్ రిఫరీ వీడియో ఒకటి బయటికొచ్చింది, అందులో ఆయన లివర్‌పూల్‌నీ క్లాప్‌నీ బూతులు తిడుతున్నాడు. సస్పెండ్ చేశారు, డిసెంబర్‌లో ఉద్యోగం నుంచి తీసేశారు. 2020 అక్టోబర్‌లో ఎవర్టన్ గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ మా డిఫెండర్ వాన్ డైక్ మోకాలి మీదికి దూకినప్పుడు వీఏఆర్‌లో కూర్చున్నది ఈయనే, పిక్‌ఫర్డ్‌కి కార్డ్ లేదు, వాన్ డైక్‌కి సీజనంతా పోయింది. ఆ రోజు నిర్ణయానికీ ఈ తిట్లకీ సంబంధం ఉందనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. కానీ అభిమానికి ఆధారం ఎవరడిగారు? ఇరవై ఏళ్ళుగా "రిఫరీలకి మనమంటే పడదు" అంటున్నవాడికి ఆ ఒక్క వీడియో చాలు, ఇక జన్మంతా వాడితో వాదించలేం. రిఫరీలు ఏ క్లబ్ అభిమానులో ముందే చెప్పాలన్న పద్ధతి ఇంగ్లండ్‌లో ఉంది, ఆ క్లబ్ మ్యాచ్‌లు వాళ్ళకివ్వరు. ఎవరంటే పడదో చెప్పమని మాత్రం ఎవరూ అడగరు.

ఇప్పుడు అద్దం మన వైపు తిప్పుదాం. 2005 మే 3, చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్, ఆన్‌ఫీల్డ్‌లో చెల్సీ. నాలుగో నిమిషంలో లూయిస్ గార్సియా తన్నిన బంతిని చెల్సీ డిఫెండర్ గీత మీద నుంచి బయటికి తన్నాడు. బంతి గీత దాటిందా? ఇప్పటికీ తేలలేదు. గోల్ ఇచ్చారు. ఆ ఒక్క గోల్‌తో గెలిచి ఇస్తాంబుల్‌లో కప్పు ఎత్తాం. చెల్సీ కోచ్ మొరీన్యో దాన్ని దెయ్యం గోల్ అన్నాడు. ఇది గుర్తు చేస్తే లివర్‌పూల్ వాళ్ళ దగ్గర జవాబు రెడీగా ఉంటుంది, నా దగ్గరా ఉంది: అది గోల్ కాకపోతే అంతకు ముందు సెకనులో మా బారోష్‌ని చెల్సీ గోల్‌కీపర్ పెట్ర్ చెక్ పడగొట్టినందుకు పెనాల్టీ, చెక్‌కి రెడ్ కార్డ్, కాబట్టి చెల్సీకి మేం చేసింది మేలే! ఈ వాదన ఎంత బాగుందో చూడండి. నాకు అన్యాయం జరిగినప్పుడు నేను న్యాయమూర్తిని, నాకు లాభం జరిగినప్పుడు నా అంత మంచి డిఫెన్స్ లాయర్ ఇంకొకడు లేడు.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ యూనివర్సిటీల మధ్య ఒక మొరటు మ్యాచ్ జరిగింది (అది వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్, మనది కాదు), ప్రిన్స్‌టన్ స్టార్ ఆటగాడి ముక్కు విరిగింది, డార్ట్‌మత్ వాడి కాలు విరిగింది. ఇద్దరు పరిశోధకులు ఒకే ఫిల్మ్‌ని రెండు యూనివర్సిటీల విద్యార్థులకీ చూపించి తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ చేసిన తప్పులు డార్ట్‌మత్ పిల్లలకి సగటున నాలుగు చిల్లర కనపడితే, ప్రిన్స్‌టన్ పిల్లలకి దాదాపు పది కనిపించాయి. అదే ఫిల్మ్, అవే టాకిల్స్. వాళ్ళెవరూ అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళకి నిజంగానే అలా కనిపించింది. మన కళ్ళు జెర్సీ వేసుకునే చూస్తాయి.

మన కళ్ళ సంగతి సరే, రిఫరీ కళ్ళు? ఇక్కడ పక్షపాతం నిజంగానే ఉంది, కాకపోతే మనం వెతికే చోట లేదు. 2002లో ఇంగ్లండ్‌లో అచ్చైన ఒక పరిశోధనలో నలభైమంది అర్హత ఉన్న రిఫరీలకి ఒక మ్యాచ్‌లోని 47 టాకిల్స్ చూపించి ఫౌల్ అవునా కాదా అని అడిగారు. కొంతమందికి జనం అరుపులతో, మిగతావాళ్ళకి శబ్దం తీసేసి. అరుపులు విన్నవాళ్ళు సొంత గ్రౌండ్‌లో ఆడుతున్న టీమ్ మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వాళ్ళకి డబ్బు లేదు, బెదిరింపు లేదు, ఎదురుగా స్టేడియం కూడా లేదు, టీవీ పెట్టె ముందు కూర్చున్నారు. చెవిలో పడ్డ హోరు చాలు. స్పెయిన్ లీగ్ మీద ఇంకొందరు చేసిన అధ్యయనంలో సొంత టీమ్ ఒక గోల్ వెనకబడి ఉంటే రిఫరీలు అదనపు సమయం ఎక్కువిస్తున్నారనీ, ఒక గోల్ ముందుంటే త్వరగా విజిల్ వేస్తున్నారనీ తేలింది. కోవిడ్ టైమ్‌లో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు బయటి టీమ్‌లకి ఎక్కువ కార్డులిచ్చే అలవాటు తగ్గిపోయింది.

అంటే రిఫరీకి ఒక క్లబ్ మీద ద్వేషం ఉండక్కర్లేదు. యాభై వేలమంది ఒకేసారి "ఓఓఓ" అంటే ఆ క్షణంలో ఏ మనిషికైనా చెయ్యి ఒక వైపుకే లేస్తుంది. ఇంతకీ ఆ 47 టాకిల్స్ ఏ మ్యాచ్‌లోవి అనుకున్నారు? లివర్‌పూల్, లీసెస్టర్ సిటీల మధ్య ఆన్‌ఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్. ఆ హోరు మాదే. ఈ సంగతి మా గ్రూపులో పెడితే ఒక్కడు కూడా లైక్ కొట్టలేదు.

చిన్నప్పుడు మా గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ చేసే టీమ్ వాడే అంపైర్. వాడు రనౌట్ ఇవ్వడని అందరికీ తెలుసు, అందుకే ఎవడికీ పెద్ద బాధ ఉండేది కాదు, కాసేపు తిట్టుకుని మళ్ళీ మన బ్యాటింగ్ వచ్చినప్పుడు మనవాణ్ణి నిలబెట్టి లెక్క సరిచేసేవాళ్ళం. పక్షపాతం ఎదురుగా నిలబడి ఉంటే దానితో బేరమాడొచ్చు. ఎక్కడో లండన్ పక్కన స్టాక్లీ పార్క్‌లో మూసిన వీఏఆర్ గదిలో కూర్చున్నవాడితో ఏం బేరం? వీఏఆర్ 2019లో ప్రీమియర్ లీగ్‌కి వచ్చినప్పుడు గొడవలు తగ్గుతాయనుకున్నాం, ఎక్కువయ్యాయి. ఇదివరకు "రెండు కళ్ళతో చూశాడు పాపం, పొరబడ్డాడు" అని ఒక సాకు ఉండేది. ఇప్పుడు పది కెమెరాలు చూసి కూడా తప్పు చేస్తే కావాలని చేసినట్టే అనిపిస్తుంది.

పైగా వీఏఆర్ పని తప్పుల్ని దిద్దడం అని మనం అనుకుంటాం, అది కూడా పూర్తిగా నిజం కాదు. స్పష్టంగా కనిపించే పెద్ద తప్పుల్ని మాత్రమే దిద్దాలి. కొంచెం అటూ ఇటూ ఉంటే గ్రౌండ్‌లో రిఫరీ ఏం ఇచ్చాడో అదే ఉంటుంది. క్రికెట్ చూసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు, అంపైర్స్ కాల్ లాంటిదే. ఒకే రకం బంతికి ఒకడు ఔట్, ఒకడు నాటౌట్. అందుకే ఒకే వారంలో ఒకే రకం హ్యాండ్‌బాల్‌కి ఒక టీమ్‌కి పెనాల్టీ వచ్చి ఇంకో టీమ్‌కి రాదు, రెండూ రూల్ ప్రకారం కరెక్టే, రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే మాత్రం ఎవడికైనా తల తిరుగుతుంది.

తిట్టడం మాత్రం అందరూ తిడతారు. వుల్వ్స్ క్లబ్ 2024లో వీఏఆర్‌ని తీసేద్దామని ఓటింగ్ పెట్టించింది. ఇరవై క్లబ్బుల్లో తీసేయమన్నది వుల్వ్స్ ఒక్కటే. పంతొమ్మిది క్లబ్బులు ఉంచమన్నాయి, వాటిలో ప్రతి శనివారం కోర్టుకెక్కుతామన్నంత ఆవేశపడేవి కూడా ఉన్నాయి.

ఆవేశం హద్దు దాటితే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. 2023 మార్చి 3, బెంగళూరు కంఠీరవ స్టేడియం, మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ నాకౌట్. అంతకు ముందు సీజన్ ఫైనల్లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిన కేరళ బ్లాస్టర్స్, ఈసారి బెంగళూరుతో. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫ్రీ కిక్ దొరికింది, బ్లాస్టర్స్ కీపర్ ఇంకా గోడ (బంతికి అడ్డంగా నిలబెట్టే ఆటగాళ్ళ వరస) సర్దుకుంటున్నాడు, సునీల్ ఛెత్రి ఖాళీ గోల్‌లోకి నెమ్మదిగా తన్నేశాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ మొత్తం టీమ్‌ని గ్రౌండ్ నుంచి బయటికి తీసుకెళ్ళిపోయాడు. రూల్ చూస్తే, గోడ దూరం కొలవాలని రిఫరీ విజిల్ కోసం ఆగమంటే ఆగాలి, లేకపోతే ఫ్రీ కిక్ వెంటనే తన్నేయొచ్చు. ఆగమన్నాడని బ్లాస్టర్స్ వాళ్ళు, నాకు విజిల్ అక్కర్లేదని రిఫరీకి చెప్పే తన్నానని ఛెత్రి. ఐఎస్ఎల్‌లో వీఏఆర్ లేదు, అంటే గొడవ తేల్చడానికి ఇంకో కన్ను కూడా లేదు. ఫలితం ఏంటంటే బెంగళూరు గెలిచింది, బ్లాస్టర్స్‌కి నాలుగు కోట్ల రూపాయల జరిమానా పడింది, కోచ్‌కి పది మ్యాచ్‌ల నిషేధం. కొచ్చిలో మాత్రం ఆయన్ని హీరోని చేశారు. నేను ఆ పనిని సమర్థించను, కానీ టీవీ ముందు కూర్చుని ఎన్నిసార్లు "వచ్చేయండ్రా బయటికి" అని అరిచానో నాకు తెలుసు.

డియాస్ గోల్ తర్వాత కొన్ని మారాయి. వీఏఆర్ గదిలోవాళ్ళు నిర్ణయం ఏంటో గ్రౌండ్ రిఫరీతో పూర్తి మాటల్లో నిర్ధారించుకోవాలని పద్ధతి పెట్టారు. 2025 ఏప్రిల్ నుంచి ప్రీమియర్ లీగ్‌లో ఆఫ్‌సైడ్ గీతలు కెమెరాలే చాలావరకు గీస్తున్నాయి. ఆ రాత్రి ఇవి ఉండుంటే బాగుండేది, కానీ చూడండి, ఆ రాత్రి గీతలు తప్పు కాలేదు, మాట తప్పైంది.

ఆ సీజన్‌లోనే ఇంకో రాత్రి గురించి చెప్పాలి. 2024 మార్చి 2, నాటింగ్‌హమ్ ఫారెస్ట్ గ్రౌండ్. 0-0. అదనపు సమయంలో మా కొనాటే తలకి దెబ్బ తగిలి పడిపోతే రిఫరీ ఆట ఆపాడు. ఆపినప్పుడు బంతి ఫారెస్ట్ వాళ్ళ దగ్గర ఉంది, రూల్ ప్రకారం తిరిగి వాళ్ళకే ఇవ్వాలి. ఆయన మా కీపర్ కెల్లెహర్‌కి ఇచ్చాడు. తర్వాత కొద్దిసేపటికి 99వ నిమిషంలో నూన్యెజ్ తలతో గోల్ కొట్టాడు, 1-0. ఫారెస్ట్ వాళ్ళు ఊగిపోయారు. ఆ రిఫరీ ఎవరో తెలుసా, పాల్ టియర్నీ. మామీద ఆయనకేదో కక్ష ఉందని అంతకు ముందు సీజన్‌లో క్లాప్ బహిరంగంగా అని 75 వేల పౌండ్ల జరిమానా కట్టిన ఆ టియర్నీ.

మా రూమ్‌మేట్ ఆ మ్యాచ్ కూడా పక్కనే కూర్చుని చూశాడు. నేను గంతులేస్తున్నాను, కింద ఫ్లాట్ ఆంటీ కర్రతో సీలింగ్ కొడుతోంది. "ఒరేయ్, బంతి వాళ్ళకివ్వాలి కదరా" అన్నాడు.

"ఆ తర్వాత ఎంతసేపు ఆట జరిగింది? వాళ్ళు డిఫెండ్ చేసుకోవాల్సింది" అన్నాను, వెనక్కి తిరక్కుండానే.